ఓర్కా షోకు టికెట్లు తీసినంక బిడ్డ రానంటాంది, ఏం జెయ్యాలె?

హాలియా_శ్రీను
పంచాయితి ఇంట్ల మొదలైంది, తీర్పు మీరు చెప్పాలె. మా బామ్మర్ది టెక్సస్‌ల ఉంటడు. ఎండకాలం సెలవులకు మా నలుగురిని రమ్మన్నడు. వీసాలొచ్చినయి, విమానం టికెట్లయినయి. వాడు ప్రేమతోని అక్కడి సముద్ర పార్కుకు గూడ ముందే టికెట్లు తీసిండు. ఓర్కా, గదే నలుపు తెలుపు తిమింగలం, ఎగిరి దునికితే ముందు వరుసలోళ్ళు తడిసి ముద్దయితరు చూడు, అదే. చిన్నోడు ఇప్పటిసందే తువ్వాల సర్దుకున్నడు. పెద్దబిడ్డ తొమ్మిదో తరగతి, "నేను రాను" అని కూసుంది. "డాడీ, అది జైలు. జైలుకు ఎవరన్న టికెట్ కొనుక్కొని పోతరా?" అని నన్నే నిలదీసింది. వాళ్ళమ్మేమో "మా తమ్ముడు పైసలు వోసి తీస్తే దీనికి గింత నఖరానా" అని మూతి ముడిచింది. టికెట్ పైసలు వాపసు రావట. నేను సముద్రమే చూడలే, చూసిందంత సాగర్ నీళ్ళే. పిల్ల మాటల నిజమున్నదా, ఫోన్ల ఏదో చూసి పట్టిన పట్టా?

పాలమూరు_పోరడు
జైలుకు టికెట్ కొనుక్కొని పోతరా… మస్తుంది అన్నా. బిడ్డను లా సదివియ్యి.

మిర్యాల_రైస్‌మిల్లు
పైసలు పెట్టినంక పోయి చూసి రావాలె, అంతే. ఈడ యాసంగి వడ్లు కల్లాల మీద నానుతున్నయి, మనిషికే దిక్కులేదు. ఏడనో అమెరికాల చేప బాధ మనకెందుకు? పిల్లలకు ఈ ఫోన్లు బందు పెట్టాలె ముందు.

టీచరమ్మ_నకిరేకల్
చేప కాదండీ. పాలిచ్చి పెంచే జంతువు, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. ఇంకో మాట, మనం తిమింగలం అంటున్నాం గానీ ఓర్కా నిజానికి డాల్ఫిన్ కుటుంబంలోనిది, ఆ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. పెద్ద తిమింగలాలను కూడా వేటాడుతుందని పాతకాలం స్పెయిన్ నావికులు దానికి ‘తిమింగలాల హంతకి’ అని పేరు పెట్టారు, అదే తిరగబడి ‘హంతక తిమింగలం’ అయింది. మన పాత పుస్తకాల్లో తిమి అనే పెద్ద చేప, తిమిని మింగేది తిమింగిలం, దాన్నీ మింగేది తిమింగిలగిలం అని ఉంటుంది. ఓర్కాకు ఆ మూడో పేరు సరిగ్గా సరిపోతుంది.

కొర్రమట్ట
తిమింగిలగిలగిల. టీచరమ్మా, ఇది డిక్టేషన్ల ఇచ్చేరు పిల్లలకు, పాపం తగుల్తది.

సియాటిల్_సూర్యాపేటోడు
బిడ్డ చెప్పింది నిజమే శ్రీనన్నా. నేను పన్నెండేండ్ల సంది ఈ దిక్కే ఉంటున్న. జైలు కథ మా ఇంటి పక్కనే నడిచింది, అందుకే జర పొడుగు రాస్తున్న.

ఇక్కడ విడ్బీ దీవి కాడ పెన్ కోవ్ అని చిన్న సముద్రపు పాయ ఉంది. 1970 ఆగస్టుల పడవలు తిప్పి, పైన విమానం తిప్పి, నీళ్ళల్ల పటాకుల అసొంటి బాంబులు పేల్చుకుంట ఓర్కాల మందను ఆ పాయలకు తోలిన్రు. మన దిక్కు డప్పులు కొట్టి అడివి పందులను వలల మీదికి తోలుతరు చూడు, అచ్చం అట్లనే. వలలు అడ్డం కట్టి తల్లులను ఒక దిక్కు, పిల్లలను ఒక దిక్కు చేసిన్రు. పిల్లలైతేనే ఎత్తుకపోవుడు అల్క. కొన్ని పిల్లలు వలల చిక్కి సచ్చిపోయినయి. సంగతి బయట పడొద్దని వాటి కడుపులు చీరి, రాళ్ళు నింపి ముంచిన్రు. కొన్ని నెలలకు అవి ఒడ్డుకు కొట్టుకొచ్చినయి, అప్పుడు జనానికి తెలిసింది.

అప్పుడు ఏడింటిని పట్టుకపోయిన్రు. అండ్ల ఒక ఆడపిల్ల పేరు టోకిటే. మయామికి తీస్కపోయి లోలిటా అని పేరు పెట్టిన్రు. 80 అడుగుల పొడుగు, 20 అడుగుల లోతు తొట్టిల 50 ఏండ్లకు పైన ఉంది. దాని ఒళ్ళే 20 అడుగులుంటది, లెక్క చూస్కోండ్రి. సొంత నీళ్ళకు తోలుకొస్తమని 2023ల మాట ఇచ్చిన్రు, అదే ఏడు ఆగస్టు 18న ఆ తొట్టిలనే సచ్చిపోయింది. ఇక్కడి లమ్మీ ఆదివాసులు దాన్ని తమ ఇంటి మనిషిగ అనుకుంటరు. బూడిద తెచ్చుకొని వాళ్ళ సముద్రంల కలిపిన్రు. దాని తల్లి అని ఇక్కడోళ్ళు అనుకునే ముసలి ఓర్కా అప్పటికింక ఈ నీళ్ళల్ల తిరుగుతనే ఉండె.

అచ్చంపేట_అరుణ
కడుపుల రాళ్ళు నింపుడేంది అన్నా. అన్నం తినుకుంట చదివిన, ముద్ద దిగలే.

హాలియా_శ్రీను
ఇది మా ఇంటామెకు చదివి వినిపించిన. ఏమనలే. లేచి పొయ్యి కాడికి పోయింది.

మిర్యాల_రైస్‌మిల్లు
అది 1970ల సంగతి. ఇప్పుడున్నవి అక్కడనే పుట్టినవట గదా, వాటికి సముద్రమే ఎరుక లేదు. తొట్టిల పుట్టినదానికి తొట్టే ఊరు. మా ఇంటి బర్రెకు అడివి ఎరుకనా?

పశువుల_డాక్టర్_నల్లగొండ
మిర్యాల అన్నా, బర్రె మనిషితోని బతకవట్టి వేల ఏండ్లాయె. ఓర్కాను మొదలు పట్టి తొట్టిల వేసింది 1960లల్ల. అరవై ఏండ్లకు ఒళ్ళు మారదు, రక్తం మారదు. అడివి జంతువు తొట్టిల పుట్టినా అడివి జంతువే.

ఓర్కాలను నేను చూడలేదు గానీ ఒక రోగం అన్ని జంతువులల్ల చూసిన. చిన్న బోనుల పెట్టిన ఎలుగుబంటి ఒకటే జాగల అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు పొద్దంత తిరుగుతది. కట్టేసిన గుర్రం కర్ర కొరుకుతది. ఓర్కా ఇనుప గేట్లు, సిమెంటు గోడ అంచులు కొరుకుతది. పళ్ళు అరిగి లోపలి నరం తేలితే డ్రిల్లుతోని తొర్ర చేస్తరు, ఇగ బతికినంత కాలం ఆ తొర్రలను రోజూ కడగాలె. మగవాటి వీపు మీది రెక్క సముద్రంల మనిషెత్తు నిలబడి ఉంటది. తొట్టిల పెద్దయిన మగవాటికి అది ఒక దిక్కు ఒరిగిపోతది. సముద్రంల అట్ల ఒరిగేది నూటికి ఒకటో రెండో. షో ఫోటోలు తీసి చూడు శ్రీను, వాలిన రెక్క కనవడ్తది. బిడ్డకు ఇది ముందే తెలిసుంటది.

హాలియా_శ్రీను
ఇప్పుడే చూసిన డాక్టర్ సాబ్. ఎండకు వాలిన అరటాకు తీరుగ ఉంది. బిడ్డను అడిగితే "ఎప్పుడో చెప్పిన డాడీ, నువ్వు వడ్ల రేటు చూస్కుంట ఊ కొట్టినవ్" అన్నది.

కొర్రమట్ట
ఆ ఊ అందరిండ్లల్ల ఉన్నదే.

గడియారం_సెంటర్
నాకొకటి యాదికొచ్చింది. చిన్నప్పుడు నల్లగొండకు సర్కస్ వచ్చింది. మా నాయిన తోలుకపోయిండు. డేరా వెనక ఏనుగు కట్టేసి ఉంటే, ఆట షురూ అయ్యేదాక దాని ముందే నిలబడ్డ. ముందటి కాలికి గొలుసు. గొలుసు రాసి రాసి కాలు చుట్టూ కడియం లెక్క పుండు, దాని మీద పసుపు, వేపనూనె కలిపి పూసిన్రు. ఈగలు. ఆ వాసన ఇప్పటికీ ముక్కుల ఉంది. ఏనుగు గొలుసు ఉన్న కాలును ఎత్తి దించుతాంది, ఎత్తి దించుతాంది. నేను దండం పెడ్తాంది అనుకున్న. లోపలికి పోయినంక అదే ఏనుగు స్టూలు మీద కూసుంటే మస్తు చప్పట్లు కొట్టిన. అయిదో తరగతి పోరన్ని, ఏం తెలుసు. శ్రీనన్న బిడ్డకు తొమ్మిదిలనే తెలిసింది.

మిర్యాల_రైస్‌మిల్లు
సరే, సర్కసులల్ల పులులు, సింహాలు, ఎలుగుబంట్లు బందైనయి. ఏమైంది? పులి పెరిగిందా? పిల్లలు పులిని బొమ్మలల్ల చూస్తున్నరు. కండ్లతోని చూస్తేనే పావురం పుడ్తది. ఆ పార్కులోళ్ళు అనేది గూడ అదే గదా. నేనేం జంతువులకు శత్రువును కాదు, నా మాట గూడ ఇనుండ్రి.

టీచరమ్మ_నకిరేకల్
మీ మాట కొట్టిపారేయను. మా బడి పిల్లలు పిల్లలమర్రికి పోయొచ్చాక చెట్ల గురించి రాసిన వ్యాసాలు వేరే తీరుగా ఉన్నాయి. కండ్లతో చూడటంలో బలం ఉంది. కానీ అది మర్రిచెట్టు, ఉన్నచోటే ఉంది, మేమే దాని దగ్గరికి పోయాం.

మన దేశం సంగతి కూడా చెప్తాను. 1998లో చెన్నై దగ్గర ఒక పార్కుకు బల్గేరియా నుంచి డాల్ఫిన్లను తెచ్చారు, కొన్ని నెలల్లోనే చనిపోయాయి. తర్వాత కొచ్చిలో, ఇంకొన్ని చోట్ల పెడతామన్నారు. 2013 మేలో కేంద్ర పర్యావరణ శాఖ డాల్ఫిన్ల ఆట కేంద్రాలకు దేశంలో ఎక్కడా అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకు ఉత్తర్వు పంపింది. అంటే శ్రీను గారూ, మీరు చూడబోయే షో మన దగ్గర పెట్టడానికే వీల్లేదు.

గల్ఫ్_నర్సిములు
నేను అబుదాబిల ఉంట, నారాయణపేట దిక్కు మాది. ఇక్కడ 2023ల శ్రీనన్న పోయే పార్కు నడిపే అమెరికా కంపెనీ పేరు మీదనే పెద్ద సీవరల్డ్ తెరిచిన్రు. మస్తు జంతువులున్నయి గానీ ఓర్కా ఒక్కటి లేదు. ఓర్కాలు లేని వాళ్ళ మొదటి పార్కు ఇదే. ఎందుకు లేవు అంటే వాళ్ళే 2016ల పిల్లలను పుట్టించుడు బందు పెడ్తున్నం అన్నరు. ఉన్నవాటితోనే ఆఖరు. ధంధా చేసేటోనికే సమజైంది ఈ మాల్ ఇగ నడవదని, మనం ఇంక వాదించుకుంటున్నం.

సియాటిల్_సూర్యాపేటోడు
వాళ్ళు ఊకనే మారలే నర్సిములన్నా. తిలికుం అని ఒక మగది ఉండె. 1983ల ఐస్‌లాండ్ కాడ పట్టిన్రు, అప్పుడు దానికి రెండేండ్లు. మొదలు కెనడాల ఒక చిన్న పార్కుల పెట్టిన్రు. పొద్దంత ఆట, రాత్రికి ఇంకో రెండు ఆడవాటితోని ఒక చీకటి డబ్బాల మూసిపెట్టేది. అవి దీన్ని పళ్ళతోని గీరేవి, తప్పించుకోనీకి జాగ లేదు. 1991ల అక్కడ ఒక ట్రైనర్ పిల్ల కాలుజారి నీళ్ళల్ల పడితే మూడు కలిసి ముంచినయి. ఆ పార్కు మూతపడ్డది, దీన్నేమో ఫ్లోరిడాల సీవరల్డోళ్ళ పార్కుకు అమ్మిన్రు. 2010 ఫిబ్రవరిల అక్కడ ఎన్నో ఏండ్ల అనుభవం ఉన్న ట్రైనర్‌ను చంపింది. దాని మీద 2013ల డాక్యుమెంటరీ వచ్చింది, జనం పోవుడు తగ్గింది, అప్పుడు దిగొచ్చిన్రు. తిలికుం 2017 జనవరిల పోయింది. సముద్రంల తిరిగే ఓర్కా మనిషిని చంపినట్టు ఒక్క దాఖలా లేదు, ఇప్పటిదాక.

పాలమూరు_పోరడు
మరి స్పెయిన్ కాడ పడవలను గుద్దుతున్నయని వార్తలొచ్చినయి గదా?

సియాటిల్_సూర్యాపేటోడు
2020 సంది. చుక్కాని విరగ్గొడ్తున్నయి, కొన్ని పడవలు మునిగినయి గూడ. మనుషులను ముట్టుకోలే. ఆట అంటరు కొందరు, ఇంకేదో అంటరు కొందరు.

కొర్రమట్ట
మా ఊరి పోరలు బస్సు అద్దాలు పలగ్గొడ్తరు, దానికి గూడ కారణం ఎవ్వనికి ఎరుకలేదు.

పాలమూరు_పోరడు
సరే జైలు తప్పే. గేటు తీసి వదిలేస్తే అయిపాయె గదా?

పశువుల_డాక్టర్_నల్లగొండ
అంత అల్క కాదు. కైకో అని ఒకటుండె. చిన్నప్పుడే ఐస్‌లాండ్ కాడ పట్టిన్రు, మెక్సికోల ఆడించిన్రు, 1993ల ఒక హాలీవుడ్ సినిమాల వేషం గూడ వేసింది. ఆ సినిమాల దాన్ని వదిలేస్తరు, బయట నిజందేమో తొట్టిలనే. పిల్లలు లొల్లి పెట్టి చందాలు పంపిన్రు. 1996ల ఒరెగాన్‌కు మార్చి, 1998ల ఐస్‌లాండ్ సముద్రంల వల కంచె కట్టి పెట్టి, వేట నేర్పిచ్చి 2002ల వదిలిన్రు. అది ఈదుకుంట నార్వే పోయింది, ఓర్కాల మందకు కాదు, మనుషులుండే ఊరి ఒడ్డుకు. పిల్లలు దాని వీపు ఎక్కి ఆడిన్రు. 2003 డిసెంబర్‌ల నిమోనియాతోని పోయింది.

కొందరు ఓడిపోయింది అంటరు. నేననను. ఆఖరు ఏండ్లు సముద్రంల గడిచినయి. గానీ అన్నీ పోయి మందల కలుస్తయని గూడ చెప్పలేం. పళ్ళు లేనిది ఏం తింటది? అందుకే ఇప్పుడు సముద్రపు పాయలకు వల అడ్డం కట్టి ఆశ్రమం లెక్క చేద్దామంటున్నరు, కెనడాల నోవా స్కోషియా కాడ ఒకటి అనుకుంటున్నరు. ముసలి ఎడ్లకు గోశాల తీరుగ.

అచ్చంపేట_అరుణ
మీరందరు తొట్టిలవాటి గురించే మాట్లాడుతున్నరు. బయటవి బాగున్నయా? 2018ల ఒక తల్లి సచ్చిన పిల్లను మోసుకుంట తిరిగిందని వార్త చూసిన, అప్పుడు నా చిన్నబిడ్డ మూడు నెలలది. యాదికొస్తే ఇప్పటికీ కడుపుల దేవినట్టయితది.

సియాటిల్_సూర్యాపేటోడు
అది మా దిక్కుదే అరుణక్కా, టోకిటే వాళ్ళ మందదే. పేరు తాలెక్వా, లెక్కల్ల J35. పిల్ల పుట్టి అర్ధగంట బతికింది. 17 రోజులు ముక్కు మీద పెట్టుకొని ఈదింది, దాదాపు 1,600 కిలోమీటర్లు. జారి మునిగితే మల్ల బుడుంగున మునిగి పైకి తెచ్చేది. 2025 మొదట్ల ఇంకో పిల్ల సచ్చిపోతే మల్ల అట్లనే మోసింది.

ఆ మందలో ఇప్పుడున్నయి డెబ్బై చిల్లర. 1960లు, 70లల్ల పట్టుకపోయినవి, పట్టేటప్పుడు సచ్చినవి కలిపి నలభైకి పైన, అండ్ల ఎక్కువ పిల్లలే. ఊర్ల ఉన్న పడుచు పిల్లలందరినీ ఒక్కపారి ఎత్తుకపోతే తర్వాత ఆ ఊర్ల పెండ్లిండ్లేడివి? 1976ల వాషింగ్టన్ రాష్ట్రం కోర్టుకు పోతే పట్టుడు ఆగింది. అమెరికా 2005ల అంతరించేవాటి జాబితాల చేర్చింది. అయినా పెరుగుతలేవు. ఎందుకంటే ఆకలి. ఇవి తినేది ఎక్కువ చినూక్ అనే సాల్మన్ చేప. ఒక్కోదానికి రోజుకు 18 నుంచి 25 దాక కావాలె. ఆ చేప గుడ్లు పెట్టనీకి నదిల ఎదురెక్కి పోవాలె, నదులకేమో డ్యాములు.

సాగర్_కట్టమీద
వచ్చిండ్రు, డ్యాముల మీదికే వస్తరని మొదటిసందే అనుకుంటున్న. పైలాన్ కాలనీల పుట్టిన, మా తాత సాగర్ డ్యాంకు రాళ్ళు మోసిండు. 1955 డిసెంబర్‌ల నెహ్రూ పునాదిరాయి వేసిన నాడు తాతకు పదారేండ్లు. ఎడమ కాల్వ లేకుంటే మిర్యాలగూడ ఏడిది, హాలియా ఏడిది, వడ్లేడివి? చేప కోసం డ్యాం కూల్చాలంటే మీరు ఒప్పుకుంటరా శ్రీనన్నా?

మిర్యాల_రైస్‌మిల్లు
ఇదీ మాట. నా మిల్లు గూడ మూసి ఓర్కాలకు దాన పంపుదాం.

సియాటిల్_సూర్యాపేటోడు
కోపం ఎందుకన్నా, అక్కడ గూడ ఇదే లొల్లి. స్నేక్ నది కింది భాగంల నాలుగు డ్యాములున్నయి. తీసెయ్యాలని ఆదివాసులు, చేపలోళ్ళు అంటరు. గోధుమ రైతులు వద్దంటరు, వాళ్ళ ధాన్యం ఆ నీళ్ళ మీద పడవలల్ల పోతది, కరెంటు గూడ వస్తది. ఎన్ని ఏండ్లాయెనో, తెగలే. గానీ కొన్నిచోట్ల తీసేసిన్రు. ఎల్వా నది మీద రెండు, 2011 సంది 2014 దాక కొద్దికొద్దిగ తవ్విన్రు. క్లామత్ నది మీద నాలుగు, 2024ల అయిపోయింది. అదే ఏడు చలికాలం రాకముందే సాల్మన్లు వంద ఏండ్ల సంది పోని జాగకు ఎదురెక్కినయి. ముసలి డ్యాములవి, వాటి కింద మన సాగర్ అంత ఆయకట్టు లేదు. సాగర్ కూల్చాలని నేననలే.

సాగర్_కట్టమీద
అట్లయితే సరే. మా తాత ఆత్మ శాంతిస్తది. అయినా ఒకటి ఒప్పుకుంట, డ్యాం కట్టినంక కింద నదిల చేపల తీరు మారిందని తాత గూడ అనేది. పెద్ద పెద్ద వాలుగలు రాకపాయె అని.

మర్రిగూడ_మల్లన్న
ఆకలి ఒక్కటే కాదు, విషం గూడ ఉంది. నేను దీని గురించి చదివిన, ఎందుకంటే మా ఊరి కథ తీరుగనే ఉంది. పీసీబీలు అని పాత ట్రాన్స్‌ఫార్మర్లల్ల వాడే నూనె మందులు. అమెరికాల 1979ల బందు పెట్టిన్రు, అయినా సముద్రపు బురదల ఇప్పటికీ ఉన్నయి. బురద నుంచి పురుగుకు, పురుగు నుంచి చేపకు, చేప నుంచి ఓర్కా కొవ్వుల చేరుతది. ఓర్కా కడుపు కాలినప్పుడు ఆ కొవ్వు కరిగి విషం రక్తంలకొస్తది. తల్లి పాలల్ల కొవ్వే ఎక్కువ, పాలతోని మొదటి పిల్లకు అంత పోస్తది. తల్లి ఒళ్ళు తేలికైతది, తొలిచూలుది మోస్తది.

మా అమ్మకు 35 ఏండ్లకే నడుం వంగింది, బోరు నీళ్ళల్ల ఫ్లోరైడు. నా పండ్లు చూస్తే ఇప్పటికీ ఇటుకరంగు. నల్లగొండ పేరు మీద పటిక, సున్నం కలిపి నీళ్ళు శుద్ధి చేసే పద్ధతి ఉంది, ‘నల్గొండ టెక్నిక్’ అని పుస్తకాలల్ల ఉంటది. మన పేరు గట్ల ఎక్కింది లోకంల. నీళ్ళల్ల రంగు లేదు, వాసన లేదు, తాగినోనికే తెలుస్తది. ఆ ఓర్కాకు గూడ అంతే. మాకు ఆఖరికి కృష్ణ నీళ్ళొచ్చినయి, నల్లా తిప్పుకున్నం. దానికి వేరే సముద్రం ఏడ తెస్తవ్?

అచ్చంపేట_అరుణ
మల్లన్నా…

మిర్యాల_రైస్‌మిల్లు
మల్లన్న, అమ్మ సంగతి ఎరుకలేదు. నేను మొదట్ల అన్న మాట (చేప బాధ మనకెందుకు) వాపస్ తీసుకుంటున్న. మిగతావి తీసుకోను.

పాలమూరు_పోరడు
మా అవ్వ తీరు యాదికొస్తాంది ఇదంత చదువుతుంటే. అమ్మ, నాయిన పుణె పోయేది మట్టి పనికి, ఆరు నెలలు మేం అవ్వ కాడ. ఈ ఓర్కాలల్ల గూడ ముసలమ్మలే మంద నడుపుతరని యాడనో చదివిన, నిజమేనా?

సియాటిల్_సూర్యాపేటోడు
నిజమే. ఆడ ఓర్కాకు నలభై దాటినంక కాన్పులాగిపోతయి, తర్వాత ఇంక ఎన్నో ఏండ్లు బతుకుతది. చేపలు తక్కువున్న ఏడు ముందు నడిచేది ముసలమ్మలే, ఏ కాలంల ఏ పాయల చేప దొరుకుతదో వాళ్ళకే ఎరుక. పట్టిన చేపను కొరికి ఇంటోళ్ళకు పంచుతరు. మా మందల కొడుకులు, బిడ్డలు పెండ్లయినా తల్లిని ఇడిసి పోరు. ఇంకొకటి విను, 2012ల వచ్చిన పరిశోధన ఇది: ముప్పై దాటిన మగ ఓర్కాకు తల్లి పోతే ఆ తర్వాతి ఏడాదిల సచ్చే ముప్పు 14 రెట్లు.

కొర్రమట్ట
మా తమ్ముడు. ముప్పై నాలుగు. అమ్మ ఊరికి పోతే రెండో రోజుకే ఫోన్ చేస్తడు, పప్పుల ఉప్పెంత వెయ్యాలె అని.

గడియారం_సెంటర్
తమ్ముని పేరుకు J లెక్క నంబర్ ఇయ్యి.

పశువుల_డాక్టర్_నల్లగొండ
చప్పుడు సంగతి ఎవ్వరు ఎత్తలే. ఇవి కండ్ల కన్న చెవులతోని బతికేవి. టక్ టక్ అని శబ్దం పంపి, అది తగిలి వాపస్ వచ్చే తీరును బట్టి చేపను పడ్తయి. ఓడల ఇంజన్ల చప్పుట్ల అది వినపడదు. మా దగ్గర జాతరకు డీజే పెట్టిన మూడు రోజులు బర్రెలు పాలు చేపలేదని రైతులు నా కాడికి వచ్చిన్రు. ఇంజెక్షన్ అడిగిన్రు. నేనన్న, డీజేకు ఇయ్యాలె ఇంజెక్షన్, బర్రెకు కాదు అని.

సియాటిల్_సూర్యాపేటోడు
డాక్టర్ సాబ్ కరెక్టు. వాంకూవర్ ఓడరేవోళ్ళు 2017 సంది ఓర్కాలు తిరిగే పాయల ఓడలను మెల్లగ పొమ్మని అడుగుతున్నరు, చానా ఓడలు వింటున్నయి. మా వాషింగ్టన్‌ల 2025 జనవరి సంది ఈ మంద కాడికి పడవలు 1,000 గజాల లోపల పోవద్దు.

శ్రీనన్నా, చూడాలనుంటే పడవ గూడ అక్కరలేదు. సాన్ వాన్ దీవిల లైమ్ కిల్న్ అని ఒడ్డు మీద పార్కుంది. పాత లైట్‌హౌస్, కింద రాతి గుండ్లు. నేను మొదటిపారి పోయిన నాడు నాలుగు గంటలు కూసున్న, ఏం రాలే. తెచ్చుకున్న పులిహోర అయిపోయింది, లేద్దామనుకున్న. అప్పుడు చప్పుడు ముందొచ్చింది. ఫుస్… ప్రెజర్ కుక్కర్ ఆవిరి ఒక్కపారి ఇడిసినట్టు. తర్వాత ఇంకొకటి, జర సన్నగ. తల్లి, పిల్ల. రాయికి నూరడుగులు గూడ లేదు. పిల్ల కడుపు తెలుపు కాదు, లేత నారింజ, పసిగుడ్డుకు అట్లనే ఉంటదట. రెండు నిమిషాలు. ఆ చివరకు పోయి కనవడలే. పక్కనున్న ముసలాయన టోపీ తీసి ఒళ్ళె పెట్టుకున్నడు. ఎవ్వరం మాట్లాడలే. ఫోన్ చేతులనే ఉంది, ఫోటో తియ్యలే.

మిర్యాల_రైస్‌మిల్లు
నాలుగు గంటలు కూసుండి రెండు నిమిషాలు. టెక్సస్ నుంచి సియాటిల్ విమానం ఖర్చు వేరే. నా మాట నేను అంటున్న అంతే.

నల్లమల_గాలి
అమెరికా దాక ఎందుకు, కృష్ణల నీటికుక్కలున్నయి, ఎంతమందికి ఎరుక? సోమశిల దిక్కు తెల్లారగట్ల పోతే బండల మీద ఆరు, ఏడు కలిసి ఆడుకుంటయి. వలలు కొరుకుతయని చేపలోళ్ళకు కోపం. ఒక తాతను అడిగితే "కొరికితే కొరకనియ్యి, అది గూడ ఈ నీళ్ళదే, నేను పొద్దున పోత, అది ఆడనే ఉంటది" అన్నడు. ఎలుగుబంటి, చిరుత, పులి మా అమ్రాబాద్ దిక్కు ఉన్నయి. శ్రీనన్న బిడ్డను ఒకపారి తోలుకరా.

హాలియా_శ్రీను
అందరికీ జవాబు ఒక్కతాననే రాస్తున్న. నిన్న రాత్రి వీడియో కాల్ల బిడ్డనే మామతోని మాట్లాడింది. నేను పక్క గదిల చెవి పెట్టి ఇన్న. టోకిటే తొట్టి కొలతలు చెప్పింది, ఫ్లోరైడు, పీసీబీల సంగతి చెప్పింది (మల్లన్నా, నీ రాత చదివింది). వాడు మొదట నవ్విండు, తర్వాత సప్పుడు లేదు. తర్వాత "నీకు అది చూడాలని లేకుంటే నాకూ లేదురా, నేను సుత రెండుమాట్లు పోయిన, రెండోపారి నాకు గూడ ఏదో లెక్కన ఉండె" అన్నడు. ఆ ఒక్క షో టికెట్లు దోస్తు ఎవరికో ఇచ్చేస్తడట. చిన్నోడు మాత్రం తువ్వాల పట్టుకొని ఏడ్చిండు, వానికి నీళ్ళ జారుడుబల్లల కాడికి తోలుకపోతనని ఒట్టు పెట్టిన.

సోమశిల ఆదివారం పోతున్నం. నల్లమల తమ్మీ, ఎన్ని గంటలకు రావాలె?

నల్లమల_గాలి
అయిదున్నరకు రేవు కాడ ఉండాలె. తెల్ల అంగీ వద్దు, సెంటు కొట్టుకోవద్దు. కనవడకపోతే నన్ను తిట్టొద్దు.

అచ్చంపేట_అరుణ
మేం గూడ వస్తం, నా బిడ్డకిప్పుడు ఆడుకునే ఈడు. వదినె ఏమంటాంది శ్రీనన్నా?

హాలియా_శ్రీను
వదినె ఇంక నాతోని సరిగ మాట్లాడ్తలేదు. బిడ్డతోని మంచిగనే ఉంది, తప్పంత నాదేనట. టిఫిన్ డబ్బాలు మాత్రం అయిదు కడిగి పెట్టింది, మేం ఇంట్ల నలుగురమే.

కొర్రమట్ట
అయిదోది నాకే. వస్తున్న.